ఎర్ర గీత ప్లస్ కాదు

మా ఇంట్లో ఎరుపంటే ప్లస్సే. నాన్న ట్రాక్టరు బ్యాటరీకి ఎర్ర వైరు ప్లస్. చిన్నప్పుడు నేను విప్పదీసిన టేప్‌రికార్డర్‌లో ఎర్ర వైరు ప్లస్. కాలేజీ ల్యాబులో మీటరు ఎర్ర ప్రోబు ప్లస్. కాబట్టి మొదటి సింథ్ మాడ్యూల్, అంటే ఒక ఎలక్ట్రానిక్ వాయిద్యంలోని ముక్క, కట్టడం పూర్తయి, దానికి కరెంటు అందించే రిబ్బన్ కేబుల్ చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు అనుమానమే రాలేదు. కేబుల్ అంచున ఎర్ర గీత ఉంది. బోర్డు మీద పిన్నులకు ఒక చివర +12, ఇంకో చివర −12 అని అచ్చువేసి ఉంది. ఎర్ర గీతను +12 వైపు ఉంచి నొక్కి, స్విచ్ వేశాను. రెండు మూడు సెకన్లలో ఘాటైన వాసన వచ్చింది. స్విచ్ ఆపేసరికి రెండు ఐసీలు, అంటే చిప్పులు, ముట్టుకోలేనంత వేడెక్కాయి. ఒకదాని నడిమధ్యలో చిన్న బొబ్బ లేచింది.

మూడు ఆదివారాల పని అది. విదేశం నుంచి తెప్పించిన కిట్, దాని మీద కస్టమ్స్ సుంకం. అయినా ఈ వ్యాసం ఆ డబ్బు గురించి కాదు, ఆ తర్వాత నేను చేసిన పని గురించి. బోర్డును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. ఎంతవరకు వచ్చిందని అడిగిన స్నేహితుడితో కిట్‌లోనే ఏదో లోపం ఉందన్నాను. అలా అనగా అనగా నేనూ నమ్మాను. రెండు నెలల తర్వాత వేరే చోట నుంచి ఇంకో కిట్ తెప్పించి, మొదటిదానికన్నా శుభ్రంగా కట్టి, అదే కేబుల్‌ను అదే విధంగా తగిలించాను. మళ్ళీ అదే వాసన.

మొదటి బోర్డు తెలియక కాలింది. రెండోది నేను సిగ్గుపడి నోరు మూసుకున్నందుకు కాలింది. మొదటి తప్పు ఎవరైనా చేస్తారు. రెండోదాన్ని మాత్రం మనకు మన చదువే నేర్పింది. ఇది నేను తేలిగ్గా అంటున్న మాట కాదు.

ఈ లోకం తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. మాడ్యులర్ సింథ్ అంటే ముక్కలు ముక్కలుగా ఉండే వాయిద్యం. ఒక ముక్క స్వరాన్ని పుట్టిస్తుంది, ఇంకోటి దాని పదును తగ్గిస్తుంది, మరోటి గట్టితనాన్ని ఎత్తి దించుతుంది. వీటిని వైర్లతో మనకు తోచినట్టు కలుపుకుంటే శబ్దం వస్తుంది. అమెరికాలో రాబర్ట్ మోగ్, డాన్ బుక్లా ఎవరికి వారుగా 1960లలో వోల్టేజీతో నడిచే ఇలాంటి ముక్కల్ని తయారుచేశారు. మన దేశానికి కూడా ఇది మరీ కొత్తదేం కాదు. 1969లోనే అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు ఒక మోగ్ మాడ్యులర్‌ను ఏర్పాటు చేశాడు. ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అనంతపురంలో కూర్చుని ఇలాంటిది కట్టాలనుకోవడం పిచ్చి కాదని నాకు ధైర్యం ఇచ్చింది అదే.

ఇప్పుడు ఎక్కువమంది కట్టుకునేది యూరోర్యాక్ అనే పద్ధతి. జర్మనీకి చెందిన డీటర్ డెప్ఫర్ 1990ల మధ్యలో ఏ-100 పేరుతో మొదలుపెట్టిన కొలతలు ఇవి. మాడ్యూల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పు 5.08 మిల్లీమీటర్లకు ఇన్ని రెట్లు అనే లెక్కన, కరెంటు ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు. చిన్న మాడ్యూళ్ళకు వచ్చే పది పిన్నుల కేబుల్‌లో ఒక చివర రెండు పిన్నులు −12, మధ్యలో ఆరు గ్రౌండు (అంటే సున్నా వోల్టులు), రెండో చివర రెండు +12. తిరగేసి పెడితే ప్లస్సు, మైనస్సు చోట్లు మారిపోతాయి. ఇక కేబుల్ మీది ఎర్ర గీత చెప్పేది ఒక్కటే, ఒకటో నంబరు తీగ ఇటువైపు ఉందని. యూరోర్యాక్‌లో ఆ ఒకటో తీగ −12.

కొన్ని బోర్డుల్లో దీనికి అడ్డుగా, కరెంటును ఒక్క వైపే పోనిచ్చే డయోడ్లు పెడతారు. కొన్నింటిలో పిన్నుల చుట్టూ గాడి ఉన్న చిన్న పెట్టె ఉంటుంది, కేబుల్ ఒక్క వైపే దిగుతుంది. నా రెండు బోర్డుల్లో ఈ రెండూ లేవు. అయినా తప్పును డిజైన్ చేసినవాళ్ళ మీదికి నెట్టలేను. మీటరు నా టేబుల్ మీదే ఉంది.

రెండోది కూడా కాలిన వారం తర్వాత, మాడ్యూళ్ళు బిగించి కరెంటిచ్చే పెట్టెతో సహా అన్నీ సంచిలో వేసుకుని పాతూరులో టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే ఒక చిన్న షాపుకి వెళ్ళాను. ఆయన్ని అందరూ భాయ్ అనే పిలుస్తారు. నలభై ఏళ్ళుగా అదే పని. సింథ్ అనే మాట ఆయన ఎప్పుడూ వినలేదు.

“ఇదేం బోర్డప్పా?”

“మ్యూజిక్‌ది భాయ్. కరెంటిస్తే కాలిపోతోంది.”

“కరెంటు యాడ నుంచి ఇస్తావు?”

చూపించాను. ఆయన మీటరు నల్ల ప్రోబును గ్రౌండుకి ఆనించి, ఎర్ర ప్రోబును కేబుల్ ఎర్ర గీత దగ్గరి పిన్నులో పెట్టాడు. మైనస్ పన్నెండు చూపించింది.

“ఎర్రది ప్లస్సని నీకెవరు చెప్పినారు?”

“అందరూ అంటారు కదా భాయ్.”

“అందరూ అనేది వద్దులే. మీటరు ఏమంటాదో సూడు.” తర్వాత రెండు బోర్డుల్నీ పక్కపక్కన పెట్టి చూసి, “మొదటిది కాలినప్పుడే ఎందుకు తీసుకరాలేదప్పా?” అని అడిగాడు. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ షాపులో గోడకు ఒక చెక్క పలక, దాని మీద వంద వాట్ల పాత బల్బు, పక్కన ప్లగ్ సాకెట్. సిరీస్ బల్బు అంటారు, మన ఊళ్ళలో ఏ రిపేరు షాపులో చూసినా ఉంటుంది. బాగుచేసిన సెట్టును నేరుగా మెయిన్స్‌కి తగిలించరు. కరెంటు ముందు బల్బు గుండా పోయి తర్వాత సెట్టుకి చేరుతుంది. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు కాలిపోకుండా మిగులుతుంది. అంతా సరిగ్గా ఉంటే బల్బు ఒక్కసారి మెరిసి మసకబడుతుంది. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి ప్రతిసారీ ఇదే చేస్తాడు. తన చేయి తప్పు చేసి ఉండొచ్చని రోజుకు పదిసార్లు, కస్టమర్ల ముందే, ఒప్పుకుంటాడు. అందులో ఆయనకు చిన్నతనం కనిపించదు. ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్న నేను మాత్రం ఏ అడ్డూ లేకుండా నేరుగా స్విచ్ వేశాను.

ఎందుకని చాలా రోజులు ఆలోచించాను. నేను ఈసీఈ చదివాను. ఆప్-ఆంప్ అనే ఐసీ తనకిచ్చిన సంకేతాన్ని ఎన్నింతలు చేస్తుందో చెప్పే గెయిన్ సూత్రాన్ని మూడు రకాలుగా రాబట్టి పరీక్షలో రాశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. నాలుగేళ్ళలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నది ఒకే ఒక్క మధ్యాహ్నం, అదీ నలుగురికి ఒకటి. రీడింగులు సీనియర్ల రికార్డుల నుంచి రాసుకునేవాళ్ళం. మీటరు ఒక విలువ చూపించి రికార్డు ఇంకోటి చెప్తే, రికార్డులో ఉన్నదే రాసేవాళ్ళం, ఎందుకంటే తప్పు రీడింగుకి మార్కులు పోతాయి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును మా బ్యాచ్ డబ్బులు వేసుకుని రెడీమేడ్‌గా కొంది. నేనూ నా వాటా ఇచ్చాను. వైవాలో దాని గురించి మాట్లాడాను, పాసయ్యాను. తప్పు బయటపడితే నష్టం, దాచిపెడితే లాభం అని నాలుగేళ్ళు సాధన చేస్తే, చేయి కాలినప్పుడు బోర్డును బీరువాలో దాచడం కాక ఇంకేం చేస్తాం?

చేతిపని మనకు చదువు కిందికి రాదు. సోల్డరింగ్ మెకానిక్ పని, లెక్క ఇంజినీరు పని. ఈ విభజన వల్ల మెకానిక్‌కి గౌరవం లేకుండా పోయింది, ఇంజినీరుకి చేతులు లేకుండా పోయాయి. సింథ్ కిట్లు కట్టేవాళ్ళు మొదట్లో చేసే తప్పులన్నీ ఇక్కడి నుంచే వస్తాయని నా వాదన. ఒక్కొక్కటీ నా బోర్డుల మీదే చూశాను కాబట్టి చెప్తున్నాను.

ట్రాన్సిస్టర్ సంగతి చూడండి. కిట్‌లో ఒక 2ఎన్3904 తక్కువైంది. ఊళ్ళో అడిగితే అది లేదని బీసీ547 ఇచ్చారు, రెండూ ఒకటేనన్నారు. చాలా పనులకు నిజంగానే ఒకటే. కానీ చదునైన ముఖం మనవైపు ఉంచి చూస్తే 2ఎన్3904 కాళ్ళు ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. బీసీ547కి కలెక్టర్, బేస్, ఎమిటర్. బోర్డు మీద గీసిన అర్ధచంద్రాన్ని చూసి అలాగే దించాను. తిరగబడిన ట్రాన్సిస్టర్ పూర్తిగా చావదు, నీరసంగా పనిచేస్తుంది. ఎన్వలప్, అంటే స్వరం ఎలా ఎక్కి దిగాలో చెప్పే ముక్క, ఒకసారి పలికేది, ఒకసారి పలికేది కాదు. రెండు వారాలు ఐసీని అనుమానించాను. బీసీ547 లోపలి నిర్మాణం గురించి నేను ఒక పేజీ రాయగలను. దాని కాళ్ళు ఏవి ఎటున్నాయో మాత్రం ఒక్కసారి కూడా చూసుకోలేదు. తీసి, సగం చుట్టు తిప్పి పెడితే సరిపోయింది.

శబ్దాల్ని కలిపే మిక్సర్ మాడ్యూల్‌లో జరిగింది ఇంకా చిత్రం. ఇప్పటి ఒక శాతం రెసిస్టర్లకు ఐదు పట్టీలుంటాయి. 10కే (పదివేల ఓములు) అయితే గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, గోధుమ. 100కే అయితే నాలుగో పట్టీ ఎరుపు బదులు నారింజ. రాత్రి పదకొండింటికి, నీలం రంగు ఒంటి మీది సన్నటి పట్టీల్లో ఎరుపేదో నారింజేదో ట్యూబ్‌లైటు కింద నాకు తేలలేదు, తేలిందనుకున్నాను. మిక్సర్‌లో ప్రతి చానల్‌కీ 100కే ఉండాలి, ఆప్-ఆంప్ చుట్టూ ఇంకో 100కే, కాబట్టి ఎంత ఇస్తే అంతే బయటికి వస్తుంది. ఒక చానల్‌లో 10కే పడింది. దాంతో అక్కడ గెయిన్ పదింతలు. పది వోల్టుల ఊపుతో వచ్చే శబ్దాన్ని వంద వోల్టులు చేయమంటే, పన్నెండు వోల్టుల కరెంటు మీద బతికే ఐసీ ఏం చేస్తుంది? అంచులన్నీ కోసేసి చదును చేస్తుంది. ఆ గరగర ఆ మాడ్యూల్ గుణమే అనుకుని రెండు నెలలు వాడాను. పక్క చానల్‌తో పోల్చి ఎందుకు ఇలా ఉందని అడిగి ఉంటే ఒక్క రోజులో తేలేది. ఇప్పుడు నేను ప్రతి రెసిస్టెన్స్‌నూ మీటరుతో కొలిచాకే బోర్డులో దించుతాను. అరవై ఉంటే అరవైనీ.

డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అంటుకోని అతుకు, దాని గురించి భాయ్ దగ్గరే నేర్చుకున్నాను. నా అతుకులు పైకి మెరుస్తూ ఉండేవి, కానీ గ్రౌండు పిన్నుల దగ్గర మాత్రం ముద్దలా, కాలికి అంటీ అంటనట్టు. గ్రౌండు అంటే బోర్డంతా పరుచుకున్న రాగి రేకు, మనం ఇచ్చే వేడినంతా అది లాగేసుకుంటుంది. మిగతా పిన్నులకు సరిపోయే వేడి అక్కడ చాలదు. దానికి తోడు తల మీద ఫ్యాను. మే నెలలో అనంతపురంలో ఫ్యాను ఆపి ఎవరూ కూర్చోలేరు, నేను కనీసం దాని కింద నుంచి టేబుల్ జరపాల్సింది. “లెడ్డును బిట్టుకు పెట్టకప్పా, కాలికి పెట్టు. కాలు వేడైతే అదే తాగుతాది” అన్నాడు. లెడ్డు అంటే సోల్డర్ తీగ, బిట్టు అంటే ఐరన్ మొన. బిట్టు ఒకేసారి కాలికీ, బోర్డు మీది రాగి వలయానికీ తగలాలి, రెండూ వేడెక్కాక మూడో వైపు నుంచి లెడ్డు అందించాలి. ఆయన చేతిలో చూస్తే నీళ్ళు పారినట్టు ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట వినకూడదని నేర్చుకున్నాను. ఆయన బిట్టును ఆకురాయితో గీకుతాడు. ఆయనది పాత రాగి బిట్టు, గీకితే లోపలి నుంచి కొత్త రాగి వస్తుంది. నాది రాగి మీద ఇనుము పూత ఉన్నది, గీకితే పూత పోయి నాలుగు రోజుల్లో గుంటలు పడింది. తడి స్పాంజితో తుడిచి, పని అయ్యాక కొత్త లెడ్డు పూసి ఉంచడమే దానికి సరైన పద్ధతి.

ప్యానెల్ సంగతి తొందరగా చెప్పేస్తాను. జాకులు, నాబులు ముందే సోల్డర్ చేసి, తర్వాత ప్యానెల్ పెడితే రంధ్రాలకు అవి కుదరలేదు. వెనకవైపు ఉండాల్సిన కరెంటు పిన్నుల్ని బోర్డుకి ముందువైపు దించాను. రెండూ తీయడానికి, కరిగిన సోల్డర్‌ను పీల్చే సక్కర్‌తో కుస్తీ పడితే రెండు చోట్ల ప్రింట్ (బోర్డు మీది రాగి గీత) లేచిపోయి, సన్నటి తీగలతో కలపాల్సి వచ్చింది. జాకులు, నాబులు, ప్యానెల్ అన్నీ నట్లతో బిగించాకే ఐరన్ పట్టుకోవాలి.

ఈ మాటలన్నీ చెప్తే కొందరు స్నేహితులు అడుగుతారు, ఇంత తలనొప్పి ఎందుకు, రెడీమేడ్ కొనుక్కోవచ్చు కదా అని. డబ్బున్నవాళ్ళు కొనుక్కోవడంలో తప్పేం లేదు. కానీ ఈ వాయిద్యానికి మా జిల్లాలో సర్వీసు సెంటర్ లేదు, వస్తుందని ఆశా లేదు. పాడైతే బాగుచేసే చేయి నాదే అయివుండాలి, లేదా భాయ్‌ది. రెండో మాట, కిట్ కట్టడం ఈ వాయిద్యం చరిత్రలో తక్కువ పనేమీ కాదు. మోగ్ సింథ్ కట్టకముందు, ముట్టుకోకుండా వాయించే థెరమిన్ అనే వాయిద్యం కిట్లు పోస్టులో అమ్మినవాడు. 1970లలో ఓక్లహోమా నుంచి పైయా సంస్థ ఇళ్ళకు సింథ్ కిట్లు పంపింది. వంటింటి బల్లల మీద ఎంతమంది ఎన్ని ఐసీలు కాల్చి ఉంటారో!

ఇంకో అభ్యంతరం వస్తుంది, అది బరువైనది. అయితే సిద్ధాంతం అక్కర్లేదా, అంతా మెకానిక్ చేయేనా? స్వరాన్ని పుట్టించే నా ఆసిలేటరే దీనికి జవాబు చెప్పింది. యూరోర్యాక్‌లో ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి ఎక్కాలి, షడ్జం నుంచి తారషడ్జానికి. పన్నెండు స్వరస్థానాలకు పంచితే ఒక్కోదానికి 83 మిల్లీవోల్టులు. ఉదయం ఆరింటికి కూర్చుని మీటరుతో చక్కగా శ్రుతి చేశాను. మధ్యాహ్నం రెండింటికి పై స్థాయిలన్నీ పక్కకి పోయాయి. భాయ్ అతుకులన్నీ చూసి, బాగున్నాయన్నాడు. ఆయన చేయి ఇక్కడ సరిపోలేదు. ట్రాన్సిస్టర్ ప్రవర్తన గది వేడితో మారుతుంది, ప్రతి డిగ్రీకి దాదాపు 0.33 శాతం. మా గదిలో ఉదయానికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడా. అంటే ఒక్కో స్థాయికి అర స్వరస్థానానికి కొంచెం తక్కువ, మూడు స్థాయిలు ఎక్కేసరికి ఒక స్వరస్థానం పైనే తప్పుతుంది. దీన్ని సరిదిద్దడానికే కిట్‌లో వేడితో పాటు విలువ మారే ఒక ప్రత్యేక రెసిస్టర్ అడుగుతారు, అది ట్రాన్సిస్టర్లను తాకుతూ ఉండాలి. ఆ ఒక్క రెసిస్టర్ ఖరీదెక్కువని నేను మామూలు 1కే వేశాను. అది ఎందుకుందో నాకు నాలుగో సెమిస్టర్ పుస్తకం చెప్పింది. పరీక్ష కోసం బట్టీపట్టిన ఆ సమీకరణం మొదటిసారి నాకు చెవికి వినిపించింది. ఆ పుస్తకాన్నీ ఆ బల్బునూ ఒకే బల్ల మీద పెట్టమనే నేను అడుగుతున్నది.

ఇప్పుడు నా బల్ల మీద నా సొంత సిరీస్ బల్బు ఉంది. +12 దారిలో ఒకటి, −12 దారిలో ఒకటి, 47 ఓములు, ఐదు వాట్ల రెసిస్టర్లు. కొత్త బోర్డు 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే వాటి మీద ఒక వోల్టు లోపే పడుతుంది, అంటే అంతా బాగున్నట్టు. పది, పదకొండు వోల్టులు పడితే లోపల షార్ట్. రెసిస్టర్లు వేడెక్కుతాయి, బోర్డుకి బతికే అవకాశం దొరుకుతుంది. దానికి ముందే +12కీ గ్రౌండుకీ మధ్య, −12కీ గ్రౌండుకీ మధ్య, దారి కలిస్తే కూసేలా పెట్టిన మీటరు ఆనిస్తాను. ఒక్క క్షణం కూసి ఆగితే, కరెంటును నిల్వచేసుకునే కండెన్సర్ నిండుతున్నట్టు. ఆగకుండా కూస్తే స్విచ్ జోలికి పోను.

కాలిన మొదటి బోర్డును పోయిన నెల బీరువాలోంచి తీశాను. మా చిన్నాన్న కూతురు ఈసీఈ ఫైనల్ ఇయర్. ప్రాజెక్టు కొనడానికి వాళ్ళ బ్యాచ్ డబ్బులు పోగుచేస్తోందని చెప్పడానికి వచ్చింది. ఏమీ అనలేదు. బోర్డు, మీటరు ఆమె ముందు పెట్టి, ఇది ఎలా కాలిందో మొత్తం చెప్పాను, రెండు నెలలు దాచిపెట్టిన సంగతితో సహా. ఏ ఐసీ పోయిందో కనిపెట్టమన్నాను. మీటరు కూస్తూనే ఉంది. సాకెట్ల లోంచి ఐసీలు ఒక్కొక్కటే తీసి చూడాలని ఆమెకే తోచింది. నలభై నిమిషాలు పట్టింది.

“అన్నా, ఈ రెండూ తీసేస్తే కూత ఆగిపోయింది.”

ఇరవై రూపాయల టీఎల్072 ఐసీలు రెండు ఇచ్చాను. ఐసీ మీది చుక్క ఎటు రావాలో అడిగి, పెట్టి, కేబుల్ ఎత్తి, ఎర్ర గీత దగ్గర ముందు మీటరు పెట్టింది. రెసిస్టర్ల మీద 0.8 వోల్టులు పడ్డాయి. ఒక అవుట్‌పుట్ పలికింది, రెండోది ఇంకా మౌనంగానే ఉంది. కాలిన కండెన్సర్ కూడా ఒకటి ఉండొచ్చు. బోర్డు తన బ్యాగులో వేసుకుని పోయింది, వచ్చే ఆదివారం భాయ్ షాపుకి ఇద్దరం వెళ్తున్నాం.